చెరువు నీటిలో నానిన ఫైబర్ ముక్క ఉప్పునీటి ముక్క కంటే ఎందుకు బరువెక్కింది?

ప్రశ్న క్లుప్తంగా ఇది. వరంగల్‌లో ఎంటెక్ చదువుతున్న ఒకరు గ్లాస్ ఫైబర్ (గాజు పోగుల) నేత గుడ్డ, దాన్ని తడిపి గట్టిపడే ప్లాస్టిక్ ద్రవమైన పాలిస్టర్ రెజిన్‌తో 4 మిల్లీమీటర్ల మందం పలక తయారు చేయించి ముక్కలు కోశారు. సగం ముక్కలను లక్నవరం చెరువు నుంచి తెచ్చిన నీటిలో, మిగతా సగాన్ని నూటికి మూడున్నర పాళ్లు ఉప్పు కలిపిన నీటిలో రెండు నెలలు నానబెట్టారు. ఉప్పునీటిలోవే ఎక్కువ చెడతాయనుకుంటే, చెరువు నీటిలోవే ఎక్కువ నీరు పీల్చాయి. తన్యత బలం (లాగితే తట్టుకునే బలం) పెద్దగా తగ్గలేదు గానీ వంపు బలం (వంచితే తట్టుకునే బలం) బాగా పడిపోయింది. గైడ్ గారు ఎక్కడో పొరపాటు జరిగిందని, మళ్లీ చేయమన్నారు. సముద్రమే లేని ఊళ్లో సముద్ర నిర్మాణాల మీద ప్రాజెక్టేమిటని తోటివాళ్ల వేళాకోళం సరేసరి.

నేను కోస్తాలో ఫైబర్ పడవల యార్డుల్లో చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. జవాబు కాస్త పెద్దదే, ఓపికగా చదవండి.

ముందుగా, మళ్లీ చేయనక్కర్లేదు. మంచినీటిలో నానిన పాలిస్టర్ పలక ఉప్పునీటిలో నానిన దానికంటే ఎక్కువ నీరు పీల్చడం ఈ రంగంలో అందరికీ తెలిసిన పాత సంగతే. స్వేదనజలంలో అన్నిటికంటే ఎక్కువ, ఆ తర్వాత కుళాయి నీరు, చెరువు నీరు, చివరికి సముద్రపు నీరు. గైడ్ గారిని తప్పు పట్టడానికీ లేదు. ఇనుముతో పనిచేసిన వారెవరికైనా మొదట తోచేది అదే: ఉప్పు తగిలితే తుప్పు పడుతుంది. సముద్రం అనగానే మనకు పుట్టే భయమంతా ఇనుము నేర్పిందే. గ్లాస్ ఫైబర్‌కు తుప్పు లేదు. దానికి పగవాడు నీరే. ఉప్పు ఆ నీటికి కొంచెం కళ్లెం వేస్తుంది.

మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు తెల్లారేసరికి ఊట వదలడం మన ఇళ్లలో అందరూ చూసిందే. లవణం తక్కువ ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉన్న వైపుకు నీరు నడుస్తుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలున్న సముద్రపు నీటి ద్రవాభిసరణ పీడనం దాదాపు 25 వాతావరణ పీడనాలకు సమానం. అంటే బయట సముద్రపు నీరు ఉన్నప్పుడు, దాని నుంచి నీటిని లోపలికి లాగాలంటే రెజిన్ లోపలి ద్రవం అంతకంటే చిక్కగా ఉండాలి. బయట చెరువు నీరే ఉంటే లోపల చిటికెడు కరిగే పదార్థం ఉన్నా చాలు, లాగుడు మొదలవుతుంది.

లోపల కరిగే పదార్థం ఎక్కడిదని మీరు అడగవచ్చు. కొంత మొదటి నుంచీ ఉంటుంది: రెజిన్ తయారీలో మిగిలిపోయిన గ్లైకాల్, గొలుసులో కలవకుండా ఉండిపోయిన చిన్న అణువులు, మ్యాట్‌లో (పొట్టి పోగులను పరిచి అతికించిన చాపలో) పోగులను పట్టి ఉంచే జిగురు. చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌లో ఎమల్షన్ జిగురుతో వచ్చేది ఒక రకం, పౌడర్ జిగురుతో వచ్చేది ఇంకో రకం. పడవ అడుగుకు, అందులోనూ జెల్ కోట్ (బయటి నునుపైన రెజిన్ పూత) వెనకే వేసే మొదటి పొరకు, పౌడర్ రకమే వాడాలి. ఎమల్షన్ జిగురు నీటితో త్వరగా కలుస్తుంది. ఇక మిగతాది నీరే తయారు చేస్తుంది. పాలిస్టర్ గొలుసులో ఉన్న ఎస్టర్ బంధాలను నీరు నెమ్మదిగా తెంపుతుంది. తెగిన చోట ఆమ్లం, గ్లైకాల్ పుడతాయి. ఆమ్లం మిగతా బంధాలు తెగడాన్ని ఇంకా వేగవంతం చేస్తుంది. ఇది ఒకసారి మొదలైతే తనను తానే పెంచుకునే రోగం.

ఇదంతా పుస్తకం మాట అనుకోకండి. మన జిల్లాల్లోనే ఒక చెరువులో తిరిగే ఫైబర్ పడవను మరమ్మతు కోసం గట్టు మీదికి లాగినప్పుడు చూడమని పిలిచారు. నీటి గీత పైన అద్దంలా ఉంది. గీత కింద పావలా బిళ్ల మొదలుకొని అరచేయి వరకు రకరకాల సైజుల్లో బొబ్బలు. బొబ్బ మీద వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోయి మళ్లీ లేచింది. కళ్లద్దాలు పెట్టుకుని, దబ్బనంతో ఒకదాన్ని గుచ్చగానే లేత పసుపు రంగు ద్రవం జివ్వున చిమ్మింది. చేతికి అంటితే జిగట. ముక్కుకు వెనిగర్ లాంటి పుల్లటి వాసన, దాని వెనక రెజిన్‌లో ఉండే స్టైరీన్ ద్రావకపు ఘాటు. లిట్మస్ కాగితం ఎర్రబడింది. ఆ ద్రవం పీడనం మీద ఉంటుంది కాబట్టి మీరు ఎప్పుడైనా గుచ్చాల్సి వస్తే ముఖం పక్కకు పెట్టుకోండి, కంట్లో పడితే ప్రమాదం. బొబ్బ పైపొర చెక్కి చూస్తే కింద మ్యాట్ పోగులు రెజిన్ అంటకుండా తెల్లగా, పొడిగా కనిపించాయి. అక్కడే అసలు కథ. మొదటి పొర వేసినప్పుడు రోలర్ సరిగా తిప్పలేదు, రెజిన్ పోగుల్లోకి ఇంకలేదు. ఆ ఖాళీలే తర్వాత నీటి తిత్తులయ్యాయి.

అదే తరహా పడవలు కోస్తాలో ఇసుక మీదికి లాగి పెడతారు. వేటకు పోయి వచ్చాక మళ్లీ నీటిలోకి దింపేదాకా అవి ఎండలో ఆరుతూ ఉంటాయి. వాటి అడుగున దెబ్బలు, గీతలు, ఇసుక అరుగుడు కనిపిస్తాయి గానీ బొబ్బలు తక్కువ. మన చెరువుల్లో సందర్శకులను తిప్పే పడవలు ఏడాది పొడవునా మంచినీటిలోనే కట్టేసి ఉంటాయి. ద్రవాభిసరణ దృష్టితో చూస్తే వీటి బతుకే కష్టం. కాబట్టి సముద్రం లేదన్న వేళాకోళాన్ని పట్టించుకోకండి. నీరు రెజిన్‌ను ఏం చేస్తుందన్నది మీ ప్రశ్న అయితే, దానికి లక్నవరం నీరు బంగాళాఖాతం కంటే కఠినమైన పరీక్షాధికారి.

ఇప్పుడు మీ రెండు నెలల సంగతి. ఇక్కడ ఒక లెక్క వేసుకోవాలి. నీరు పలకలోకి పోయే వేగాన్ని ఫిక్ నియమంతో అంచనా వేస్తారు. మొదట్లో బరువు పెరుగుదల కాలపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది, అందుకే గ్రాఫ్ అడ్డగీత మీద రోజులు కాక రోజుల వర్గమూలం వేయాలి. మీరు పంపిన గ్రాఫ్‌లో రోజులే వేశారు, మార్చండి. విసరణ గుణకం (నీరు పలకలో ఎంత త్వరగా పాకుతుందో చెప్పే అంకె) సెకనుకు చదరపు మిల్లీమీటరులో పది లక్షల వంతు అనుకుందాం, గది ఉష్ణోగ్రతలో ఇలాంటి పలకలకు ఇది అసంబద్ధమైన అంకె కాదు. రెండు వైపులా తడిసే 4 మిల్లీమీటర్ల ముక్క రెండు నెలల్లో దాదాపు 97 శాతం నిండిపోతుంది. కాబట్టి మీ ముక్కలు ఇంచుమించు నిండినట్లే.

అసలైన పడవ అడుగు అలా కాదు. 8 మిల్లీమీటర్ల మందం, ఒకవైపే నీరు. ఒకవైపు తడిసే 8 మిల్లీమీటర్లు రెండువైపులా తడిసే 16 మిల్లీమీటర్లతో సమానం. మీ ముక్కకంటే నాలుగు రెట్లు. కాలం మందం వర్గంతో పెరుగుతుంది కనుక పదహారు రెట్లు. మీ రెండు నెలలు ఆ పడవకు 32 నెలలు, జెల్ కోట్ అడ్డును లెక్కలోకి తీసుకోకుండానే. థీసిస్‌లో ఈ ఒక్క పేరా రాస్తే పరీక్షకులు అడగబోయే సగం ప్రశ్నలకు ముందే జవాబు చెప్పినట్లు. చాలామంది పలచని ముక్క ఫలితాన్ని తెచ్చి నేరుగా పడవకు అంటగడతారు, అది చెల్లదు.

ఇంకో జాగ్రత్త. కోసిన అంచులను ఎపాక్సీతో మూశారా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు. మూయకపోతే నీరు రెజిన్ గుండా కాక పోగుల వెంబడి ఒత్తుల్లో నూనె పాకినట్లు పాకుతుంది, మీకు వచ్చే విసరణ గుణకం అసలు కంటే ఎక్కువ కనిపిస్తుంది. అయితే రెండు రకాల నీటికీ ఒకే తరహా ముక్కలు వాడారు కాబట్టి ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న మీ తీర్పు మారదు. అంకె మాత్రం మారుతుంది.

బరువు గీత కొన్నాళ్లకు కిందికి వంగితే కంగారు పడకండి. నీరు లోపలికి పోతుంటే, తెగిన అణువులు బయటికి కారుతుంటాయి. తూకం రెండింటి తేడానే చూపుతుంది. అందుకే చివర కొన్ని ముక్కలను మెల్లగా ఆరబెట్టి మళ్లీ తూచండి. మొదటి పొడి బరువు కంటే తక్కువ వస్తే ఆ తేడా కరిగిపోయిన రెజిన్ భాగం. అది ఇక తిరిగి రాదు. నీరు వల్ల మెత్తబడటం కొంతవరకు ఆరితే తగ్గుతుంది, బంధాలు తెగడం తగ్గదు. ఈ రెండింటినీ విడదీసి చూపించిన విద్యార్థి ప్రాజెక్టును నేను ఎప్పుడూ వదలకుండా చదువుతాను.

తన్యత బలం నిలిచి వంపు బలం ఎందుకు పడింది? ఈ ప్రశ్నే మీ పనిలో అన్నిటికంటే విలువైనది. మామూలుగా వాడే ఈ-గ్లాస్ పోగు స్థితిస్థాపక గుణకం (సాగకుండా నిలిచే దృఢత్వం) సుమారు 72 గిగాపాస్కల్‌లు, పాలిస్టర్ రెజిన్‌ది మూడు, నాలుగు. పోగుల దిశలో లాగినప్పుడు బరువంతా పోగులే మోస్తాయి. రెజిన్ కాస్త మెత్తబడినా లాగుడు పరీక్షకు పెద్దగా తెలియదు. నేత గుడ్డ వాడారు కాబట్టి మీకు అలా వచ్చింది. చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ మాత్రమే వాడి ఉంటే తన్యత బలం కూడా ఎక్కువ తగ్గేది, ఎందుకంటే అక్కడ పోగులు పొట్టివి, ఒకదాని నుంచి ఇంకోదానికి బరువు రెజినే అందించాలి.

వంచినప్పుడు లెక్క వేరు. ముక్క కింది ముఖం సాగుతుంది, పై ముఖం నొక్కుకుపోతుంది, మధ్యలో పొరలు ఒకదాని మీద ఒకటి జారాలని చూస్తాయి. నొక్కుడులో పోగు సన్నని కర్రలా పక్కకు వంగబోతుంది. దాన్ని వంగకుండా పట్టుకునేది చుట్టూ ఉన్న రెజిన్, పోగుకూ రెజిన్‌కూ మధ్య ఉన్న అతుకు. ఆ అతుకు మీద గాజును రెజిన్‌కు అంటించే సైలేన్ పూత ఉంటుంది, నీరు మొదట దాడి చేసేది అక్కడే. విరిగిన ముక్కలను భూతద్దంతో చూడండి. కింద సాగిన వైపు పోగులు తెగి ఉన్నాయా, పైన నొక్కిన వైపు మడత పడి ఉందా, మధ్యలో పొర విడిపోయిందా? ఎండు ముక్కల్లో ఒకలా, నానిన ముక్కల్లో ఇంకోలా ఉంటే మీ థీసిస్‌కు అదే వెన్నెముక. వీలైతే పొరల మధ్య కోత బలాన్ని కొలిచే పొట్టి దూలం పరీక్ష కూడా చేయండి, దాని పద్ధతి ఏఎస్‌టీఎం (పరీక్షా ప్రమాణాల సంస్థ) డీ2344. ఆధారాల మధ్య దూరం మందానికి నాలుగు రెట్లే ఉంచుతారు కాబట్టి వంపు కంటే కోత ముందు బయటపడుతుంది. దీనికి చిన్న ముక్కలు చాలు, మిగిలిపోయిన తునకలు సరిపోతాయి.

నీరు లేకుండానే ఈ అతుకులను చెడగొట్టే ఇంకో సంగతి గాలి బుడగలు. పలకలో ఖాళీలు ఒక శాతం పెరిగితే పొరల మధ్య కోత బలం సుమారు ఏడు శాతం తగ్గుతుందని అనుభవ సూత్రం, మొదటి నాలుగైదు శాతం వరకు అది బాగానే పనిచేస్తుంది. చేతితో వేసిన పలకలో ఖాళీలు తప్పవు. మీ పలకలో ఎంత ఉన్నాయో కొలవకుండా నీటి ప్రభావాన్ని మాత్రమే చెప్పడం సగం మాటే అవుతుంది. ఒక ముక్కను కొలిమిలో కాల్చి రెజిన్ పోయాక మిగిలిన గాజును తూచండి, అంతకుముందే కొలిచిన సాంద్రతతో కలిపి లెక్క కట్టవచ్చు. మీ కాలేజీ మెటలర్జీ విభాగంలో కొలిమి ఉండే ఉంటుంది, అడగండి.

నొక్కుడులో కాంపోజిట్ (పోగులు, రెజిన్ లాంటి వేర్వేరు పదార్థాలు కలిపి చేసినది) ఎంత అపనమ్మకమైనదో 2023 జూన్‌లో లోకమంతా చూసింది. టైటానిక్ శిథిలాల వైపు దిగుతున్న టైటన్ జలాంతర నౌక నలిగిపోయి ఐదుగురు చనిపోయారు. దాని గొట్టం దాదాపు ఐదు అంగుళాల మందమున్న కార్బన్ ఫైబర్. ఆ శిథిలాలున్న చోటు లోతు సుమారు 3,800 మీటర్లు, అక్కడ పీడనం 380 వాతావరణాలు. దర్యాప్తులో ఆ గొట్టం తయారీలోనే ముడతలు, ఖాళీలు ఉన్నట్లు తేలింది. 2022లో ఒక దిగుడు తర్వాత పైకి వస్తూ పెద్ద చప్పుడు వినిపించింది, ఆ తర్వాత గొట్టం సాగుడును కొలిచే స్ట్రెయిన్ గేజీల రీడింగులు మారాయి. అయినా మళ్లీ దింపారు. మన చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 6,000 మీటర్ల లోతు కోసం తయారు చేస్తున్న మత్స్య 6000లో మనుషులు కూర్చునే గోళానికి 80 మిల్లీమీటర్ల మందం టైటానియం మిశ్రలోహం ఎంచుకున్నారు. నాకు అది సరైన ఎంపికే అనిపిస్తుంది. కార్బన్ ఫైబర్ లాగుడులో మహారాజు, గ్యాస్ సిలిండర్‌కు బాగుంటుంది. బయటి నుంచి నొక్కే చోట, అదీ మళ్లీ మళ్లీ నొక్కే చోట, పొరల మధ్య దాగిన చిన్న లోపం ఎప్పుడు పెద్దదవుతుందో చెప్పలేం.

అలాగని కాంపోజిట్లు సముద్రానికి పనికిరావని కాదు. బ్రిటిష్ నౌకాదళం 1973లో సేవలోకి తెచ్చిన హెచ్‌ఎంఎస్ విల్టన్ పూర్తిగా గాజు పోగులు, పాలిస్టర్‌తో చేసిన మందుపాతరల వేట నౌక. అయస్కాంత మందుపాతరల మీదుగా పోవాలంటే ఉక్కు ఒళ్లు పనికిరాదు కదా. స్వీడన్ విస్బీ నౌకలు సుమారు 73 మీటర్ల పొడవు, కార్బన్ ఫైబర్ తొడుగుల మధ్య పీవీసీ నురుగు పెట్టిన శాండ్‌విచ్ కట్టడం. అక్కడ గెలిచింది పదార్థపు బలం కాదు, జ్యామితి. గాజు పలక స్థితిస్థాపక గుణకం ఉక్కులో పదో వంతు కూడా ఉండదు, మ్యాట్ పలక అయితే ఇంకా తక్కువ. కాబట్టి పడవల్లో చాలాసార్లు విరగడం కంటే ఊగడమే సమస్య. పలకను రెండుగా చీల్చి మధ్యలో నురుగు పెట్టి మొత్తం మందాన్ని రెట్టింపు చేస్తే వంపు దృఢత్వం ఏడు రెట్లు పెరుగుతుంది. నాలుగు రెట్లు మందం చేస్తే 37 రెట్లు. బరువు దాదాపు అంతే. దానికి కట్టాల్సిన వెల, మధ్యలోని నురుగుకూ తొడుగుకూ ఉన్న అతుకు. అది ఊడితే ఏడు రెట్లు పోయి మొదటికంటే అధ్వానం అవుతుంది. మళ్లీ అతుకు దగ్గరికే వచ్చాం.

ఉప్పు నిజంగా చెరుపు చేసే చోటు ఒకటుంది, అది చెప్పకపోతే జవాబు ఒంటికాలి మీద నిలబడుతుంది. కార్బన్ ఫైబర్ విద్యుత్తును మోస్తుంది. దానికి అల్యూమినియం బోల్టు బిగించి ఉప్పునీటిలో ముంచితే అది బ్యాటరీ అవుతుంది. అల్యూమినియం తినుకుపోతుంది. కార్బన్ వైపు క్షారం పుట్టి రెజిన్‌ను కూడా దెబ్బ తీస్తుంది. మంచినీటిలో విద్యుత్తు అంత తేలికగా నడవదు కనుక చెరువులో ఇది నెమ్మది. మీది గాజు కాబట్టి ఈ గొడవ లేదు, కార్బన్ మీద పనిచేసే మీ మిత్రులకు చెప్పండి.

వరంగల్‌లో పలక వేయిస్తున్నారు కాబట్టి ఇంకో విషయం అడగాలి: ఏ నెలలో వేయించారు? మే నెలలో అయితే అనుమానించండి. ఎండ నలభై దాటినప్పుడు బకెట్లోనే రెజిన్ గడ్డకడుతుందని పనివాళ్లు హార్డెనర్ (రెజిన్‌ను గట్టిపరిచే కాటలిస్ట్) తగ్గించేస్తారు. పాలిస్టర్‌కు కాటలిస్ట్ ఒకటి, రెండు శాతం మధ్య ఉండాలి. ఒకటి కంటే బాగా తగ్గితే పలక గట్టిపడినట్లు కనిపిస్తుంది గానీ లోపల గొలుసులు పూర్తిగా కట్టుకోవు. సగం ఉడికిన రెజిన్‌లో నీటికి దారులు ఎక్కువ. ఎండాకాలంలో కాటలిస్ట్ తగ్గించడం కంటే తెల్లవారుజామున పని చేయడం, కొంచెం కొంచెంగా కలుపుకోవడం, గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేసే ఇన్‌హిబిటర్ ఉన్న రెజిన్ తెప్పించుకోవడం మేలు. పలక ఉడికిందో లేదో తెలుసుకోవడానికి బార్కోల్ పరికరంతో గట్టిదనం చూడండి, మంచి పాలిస్టర్ పలకకు నలభై దరిదాపుల్లో రావాలి. పరికరం లేకపోతే గుడ్డను అసిటోన్‌లో తడిపి రుద్దండి. జిగురు పుడితే ఉడకలేదన్నమాట. ఇంకో మాట, గట్టిపడటాన్ని వేగవంతం చేసే కోబాల్ట్‌ను, కాటలిస్ట్‌ను ఎప్పుడూ నేరుగా కలపకూడదు, మంట లేస్తుంది, పేలవచ్చు. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

వేడి ఇంకో విధంగానూ అడ్డు వస్తుంది. సాధారణ రకమైన ఆర్థో పాలిస్టర్ రెజిన్ బరువు కింద 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. నీరు పీల్చాక ఆ గీత ఇంకా కిందికి దిగుతుంది. రామగుండం ఎండలో ముదురు రంగు డెక్ ఎంత కాలుతుందో చెప్పులు లేకుండా నిలబడి చూస్తే తెలుస్తుంది. అందుకే నేను పడవల పైభాగానికి తెలుపు, లేత రంగులే చెబుతాను. పరీక్షను త్వరగా ముగించాలని మీ మిత్రుల్లో ఎవరైనా ముక్కలను 70 డిగ్రీల నీటిలో వేయాలనుకుంటే ఆపండి. మెత్తబడే గీత దాటాక వచ్చే నష్టం వేరే జాతి నష్టం, దాన్ని వెనక్కి లెక్కకట్టి గది ఉష్ణోగ్రతకు తేలేరు. ఆర్థో రెజిన్‌కు నలభై, నలభై ఐదు దాటకపోతే మంచిది. ఐసోఫ్తాలిక్, వినైల్ ఎస్టర్ రెజిన్లు నీటికి బాగా తట్టుకుంటాయి, ధర కూడా ఆ మేరకు ఉంటుంది. చెరువులో ఏడాదంతా ఉండే పడవకు జెల్ కోట్ వెనక మొదటి రెండు పొరలకైనా వినైల్ ఎస్టర్ వాడితే మిగతాది చౌక రెజిన్ అయినా సర్దుకుపోవచ్చు. మొత్తం ఖర్చులో అది పెద్ద బరువేమీ కాదు.

అలసట (మళ్లీ మళ్లీ లోడు పడి బలం తగ్గడం) గురించి మీరు అడగలేదు గానీ ఒక్క అంకె చెబుతాను. గాజు పలకల బలం, లోడు చక్రాల సంఖ్య పదింతలైన ప్రతిసారీ మొదటి బలంలో పదో వంతు చొప్పున తగ్గుతుందని స్థూల సూత్రం. పది లక్షల చక్రాలకు నలభై శాతం మిగులుతుంది. ఉక్కుకు ఉన్నట్లు 'ఇంతకు కిందైతే ఎప్పటికీ అలసిపోదు' అనే గీత దీనికి లేదు. సముద్రంలో అలలు పది లక్షలు కావడానికి ఎక్కువ కాలం పట్టదు. చెరువులో ఈ బాధ తక్కువ, అక్కడ రేవు మెట్లకు తగిలే దెబ్బలే ఎక్కువ. పైన చిన్న మచ్చ, లోపల అరచేయంత పొర విడిపోవడం మామూలే. రూపాయి బిళ్లతో టకటకా తట్టుకుంటూ పోండి. ఖంగున మోగేది టపటపగా మారిన చోట సుద్దతో గీత గీయండి. అల్ట్రాసౌండ్ యంత్రం వచ్చేలోపు ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

'ఇక్కడ నీటి మీద నిర్మాణాలు ఏమున్నాయి' అనేవారికి రామగుండం చూపించండి. ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 జులై నుంచి పూర్తి స్థాయిలో నడుస్తోంది. పలకలు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ తేలుడు డబ్బాల మీద ఉన్నాయి, ఆ ప్లాస్టిక్ దాదాపు నీరే పీల్చదు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం ఫెర్రోసిమెంట్ వేదికల మీద తేలుతున్నాయి. సన్నటి ఇనుప జాలీ, సిమెంటు గార కలిస్తే అదీ కాంపోజిట్టే. లాగుడు జాలీది, నొక్కుడు సిమెంటుది. మొత్తాన్ని జలాశయం అడుగున పెట్టిన బరువైన కాంక్రీటు దిమ్మెలు పట్టి ఉంచుతున్నాయి. అనుమతి సంపాదించగలిగితే వెళ్లి చూడండి, మీ ముందుమాటకు పనికొస్తుంది.

చివర మీరు అడిగిన చిన్న ప్రశ్న: మీ ఊళ్లో చేపలు పట్టేవారి థర్మకోల్ తెప్ప మీద మీ దగ్గర మిగిలిన ఫైబర్, పాలిస్టర్ వేసి గట్టి చేయవచ్చా అని. వద్దు. పాలిస్టర్ రెజిన్‌లో ఉన్న స్టైరీన్ థర్మకోల్‌ను కరిగించేస్తుంది. బ్రష్ పెట్టిన చోటల్లా గుంట పడి, చూస్తుండగానే తెప్ప సగమవుతుంది. ఎపాక్సీ అయితే కరిగించదు. ఖర్చు ఎక్కువే కానీ రెండు పొరల పలచని గుడ్డ వేసినా చాలు. ముందు థర్మకోల్ తునక మీద కాస్త పూసి, ఒక రాత్రి వదిలి చూసుకున్నాకే తెప్ప మీద చేయి వేయండి. రెజిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి ఒకేసారి మందంగా పోయకండి.

ఉప్పునీటి విషయంలో థీసిస్‌లో ఒక సవరణ చేయండి. వంటింటి ఉప్పు మూడున్నర శాతం కలిపిన నీటిని 'సముద్రపు నీరు' అని రాయకండి, 'సోడియం క్లోరైడ్ ద్రావణం' అని రాయండి. కృత్రిమ సముద్రపు నీటికి ఏఎస్‌టీఎం డీ1141 పాకం ఉంది. అందులో సోడియం క్లోరైడ్ లీటరుకు 24.5 గ్రాములే, మిగతావి మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం వగైరా. బరువు పెరుగుదల తీర్పు దీనివల్ల తారుమారు కాదు. కానీ వైవాలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. లక్నవరం నీటి వాహకత, పీహెచ్ కూడా కొలిచి రాయండి. నీళ్ల డబ్బా ఇంకా ఉంటే ఈ వారమే కొలవండి, లేకపోతే ఇంకో సీసా తెచ్చుకోండి.